బండి, బరువు, బందోబస్తు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది చైను హార్వెస్టర్. యాసంగి కోతలకు లారీలో ఎక్కించుకొని జమ్మికుంట దిక్కు పోతం. హ్యాండ్ బ్రేకు వేసి, ముందర ఒక మోకు, వెనక ఒక మోకు కట్టినం. అయినా ఒక మలుపుల మిషన్ జానెడు జరిగి లారీ పక్క డోరు ఒంగింది. 3 టన్నుల మిషన్ అట్లెట్ల జరుగుతది?
— ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: ‘అంత బరువుంటే యాడికి పోతది’ అనే నమ్మకమే ఇక్కడ మోసం చేసింది. బరువు పెరిగితే కింద పట్టు పెరిగే మాట నిజమే. కానీ బ్రేకు కొట్టినప్పుడు, మలుపు తిరిగినప్పుడు తోసే బలం కూడా అదే లెక్కన పెరుగుతుంది. అందుకే 30 కిలోల బస్తా జారే చోట 3 టన్నుల మిషన్ కూడా జారుతుంది. పైగా మీ మిషన్ పొలంలోంచి నేరుగా లారీ ఎక్కి ఉంటుంది. రబ్బరు ట్రాకుల నిండా బురద, కింద ఇనుప రేకు. ఇక హ్యాండ్ బ్రేకు ట్రాకును తిరగనివ్వదు గానీ, ట్రాకుతో సహా మిషన్ జారితే అదేం చేయగలదు?

బరువులో 80 శాతం బలం ముందుకు, 50 శాతం పక్కలకూ వెనక్కూ తోస్తుందని లెక్కగట్టి కట్టాలి. 3 టన్నులకు ముందువైపు తోపు 2.4 టన్నులు. దాన్ని వెనక్కి లాగి పట్టేవి రెండు చైన్లు కాబట్టి ఒక్కోదానికి 1.2 టన్నులు. చైను 45 డిగ్రీల వాలులో ఉంటే దాని మీద పడే లాగుడు 1.7 టన్నులవుతుంది. గ్రేడ్ 80 (చైను ఉక్కు బలాన్ని చెప్పే అంకె) చైను 8 మి.మీ.ది 4 టన్నుల దాకా పట్టుకుంటుంది కాబట్టి అది సరిపోతుంది. గ్రేడ్ ముద్ర లేని చైను, ఎంత లావున్నా, ఈ పనికి వద్దు. మోకు అసలే వద్దు, అది సాగుతుంది.

నాలుగు మూలలకు నాలుగు చైన్లు కావాలి. రెండు ముందుకు, రెండు వెనక్కు లాగాలి. లారీ బాడీలో మిషన్ పక్కన చోటు పెద్దగా ఉండదు కాబట్టి ఎడమ కొక్కెం నుంచి కుడి మూలకు, కుడి నుంచి ఎడమకు ఇంటూ గుర్తులా వేయండి. పక్కకు జరగనివ్వనిది ఈ ఇంటూనే. మిషన్ వైపు కొక్కెం కింది ఛాసిస్‌కు, కంపెనీ ఇచ్చిన రంధ్రాలకే తగిలించాలి. ఎక్కే మెట్టుకో, హైడ్రాలిక్ పైపు పక్కనో తగిలిస్తే ఆ ఖర్చు వేరే. లారీ వైపు చూస్తే, టార్పాలిన్ కట్టే సన్న కడ్డీ కొక్కేలు ఈ లాగుడుకు నిటారుగా సాగిపోతాయి. ఛాసిస్ అడ్డ మెంబర్లకు బోల్టులతో డీ రింగులు పెట్టించుకోండి. ఛాసిస్ పొడవునా ఉండే మెయిన్ రైలు దూలం మీద మాత్రం వెల్డింగ్ కొట్టించకండి, కాలిన చోటే తర్వాత పగులుతుంది.

ఎక్కించే ముందు ట్రాకుల బురద గీకేయండి. ట్రాకుల కింద రబ్బరు మ్యాట్ పరవండి. కోత బార్‌ను చెక్కల మీదికి దించి ఆనించండి, ధాన్యం పోసే పైపును దాని స్టాండు మీద పెట్టి బిగించండి. ట్రాకుకూ డోరుకూ మధ్య సందులో 4 అంగుళాల చెక్క దిమ్మెలు కొట్టండి. చైను బిగించడానికి ర్యాచెట్ బైండరు మంచిది. లివరు బైండరుకు పైపు తొడిగి లాగితే, వదిలేటప్పుడు అది తిరగబడి దవడ పగలగొడుతుంది. బయల్దేరిన 10, 15 కిలోమీటర్లకు ఆపి మళ్లీ బిగించాలి. మొదటిసారి ఎంత బాగా కట్టినా మిషన్ సర్దుకొని చైను వదులవుతుంది.

ప్రశ్న: ర్యాచెట్ బెల్టు కొంటే షాపాయన 5 టన్నులన్నారు. చీటీ మీద 2500 అని ఉంది. ఏది నమ్మాలి? రైస్ మిల్లు మిషనరీ, సుమారు టన్ను, తీసుకెళ్లాలి.
— కరీంనగర్

జవాబు: చీటీనే. ఒంటి వరస బెల్టు సూటిగా లాగితే పని చేసే హద్దు 2500 డీఏఎన్, అంటే దాదాపు 2,500 కిలోల లాగుడు. 5 టన్నులన్నది తెగే బలమో, చుట్టు తిప్పి కట్టినప్పటి లెక్కో అయ్యుంటుంది. అయితే మీ పనికి ఈ రెండు అంకెలూ అంతగా అక్కరకు రావు. బెల్టును మిషన్ పైనుంచి వేసి రెండు పక్కలా బిగిస్తే, మిషన్‌ను నిలబెట్టేది బెల్టు తెగే బలం కాదు, అది కిందికి అదిమే బలం. చీటీలో ‘ఎస్‌టీఎఫ్’ అని ఉండేది అదే, చేతి ర్యాచెట్‌కు సుమారు 300 కిలోలు.

చెక్క మీద ఇనుము పట్టు 0.3, అంటే అదిమే బరువులో 30 శాతం, అనుకోండి. టన్ను మిషన్ తనంతట తాను 300 కిలోల తోపుకు ఆగుతుంది. ముందువైపు తోపు 800. మిగిలిన 500 బెల్టులు చూసుకోవాలి. ఒక్కో బెల్టు రెండు పక్కలా కలిపి 600 కిలోలు అదిమితే ఇచ్చే పట్టు 180. కనీసం మూడు బెల్టులు కావాలి. కింద రబ్బరు మ్యాట్ వేస్తే పట్టు 0.6 అవుతుంది, లెక్కకు ఒక్క బెల్టే చాలు, అయినా రెండుకు తగ్గించొద్దు. మ్యాట్‌కు పెట్టే డబ్బు దండగ కాదు.

ఈ లెక్క బెల్టు దాదాపు నిలువుగా దిగినప్పటిది. మిషన్ పొట్టిగా ఉండి బెల్టు నేలతో 30 డిగ్రీల కోణంలో దిగితే అదిమే బలం సగమే. బెల్టుకు ముడి వేయకండి, ముడి పడ్డ చోట బలం సగానికి పడిపోవచ్చు. ఇనుప అంచు మీద బెల్టు ఆనే చోట పాత టైరు ముక్క పెట్టండి.

ప్రశ్న: వడ్ల ట్రాలీ మిల్లు ముందు ఏటవాలులో ఆపితే ట్రాక్టరు అడ్డం తిరిగి వెనక్కు పోయింది. హ్యాండ్ బ్రేకు వేసే ఉంది.
— పరకాల

జవాబు: ముందు బ్రేకు పెడళ్లు చూడండి. దమ్ము చేసేటప్పుడు ఒక్క చక్రం పట్టి తిప్పడానికి రెండు పెడళ్లను కలిపే గొళ్లెం తీసేస్తారు. రోడ్డెక్కాక వేయడం మర్చిపోతారు. చాలా ట్రాక్టర్లలో హ్యాండ్ బ్రేకు పట్టేది ఆ పెడళ్లనే. గొళ్లెం లేకపోతే ఒక చక్రమే ఆగుతుంది, రెండోది తిరుగుతుంది, బండి అడ్డం తిరుగుతుంది. మీ లక్షణం అచ్చం అదే.

రెండోది ట్రాలీ. దానికి సొంత బ్రేకు లేకపోతే, నిండు లోడు మొత్తాన్నీ ట్రాక్టరే ఆపాలి. వాలు దిగే వైపు రెండు చక్రాలకూ చెక్క అడ్డాలు పెట్టండి, టైరు ఎత్తులో నాలుగో వంతుకు తగ్గకుండా. 90 సెంటీమీటర్ల టైరుకు 23 సెంటీమీటర్ల చెక్క. వాలు ముఖం టైరుకు అతుక్కునేలా తన్ని పెట్టాలి. గుండ్రాయి పెడితే టైరు దాన్ని దొర్లించుకుంటూ పోతుంది. పైగా బండి తీసినాయన ఆ రాయిని అక్కడే వదిలేస్తాడు, రాత్రి బైకు మీద వచ్చేవాడికి అదే యముడు. చెక్కకు బెజ్జం వేసి, తాడుతో ట్రాలీకే కట్టేయండి. మర్చిపోదామన్నా కుదరదు.

రెండు చక్రాల ట్రాలీని లోడుతో ఊడదీసే ముందు బరువు ఎటు ఉందో చూసుకోండి. వెనక బస్తాలు ఎక్కువై ముందు ఖాళీ అయితే పిన్ను తీయగానే కొండి పైకి లేచి ముఖానికి తగులుతుంది. అందుకే దించడం వెనక నుంచి మొదలుపెట్టాలి.

ప్రశ్న: పత్తి లోడు ఎనుమాముల మార్కెట్ చేరేసరికి ఒక పక్కకు ఒరుగుతోంది.
— వర్ధన్నపేట

జవాబు: పత్తి దారిలో అణుగుతుంది, మోకు వదులవుతుంది. 10 కిలోమీటర్లకోసారి బిగించాలి, మోకులు ఇంటూలా వేయాలి. పక్కలకు ఉబ్బేలా తొక్కి నింపకండి. వేలాడే మోకు కొసలు చక్రంలో పడకుండా దోపేయండి.

ప్రశ్న: మా చెరువు మత్తడి దుంకినప్పుడు చేపల పడవ తాడు తెగి పోయింది. బరువైన రాయి కట్టి లంగరేస్తే ఆగదా?
— ములుగు

జవాబు: రాయి నీళ్లలో తేలికవుతుంది. 25 కిలోల రాయి మునిగాక సుమారు 15 కిలోలే తూగుతుంది, అదీ జిగట మన్ను మీద జారుతుంది. బురదలో దిగి పట్టే కొక్కేల లంగరు మేలు, తాడు మాత్రం లోతుకు అయిదు నుంచి ఏడింతలు ఉండాలి. తాడు పొట్టిదైతే లంగరును పైకి లేపుతుంది, పొడుగుదైతే నేల వెంట లాగుతుంది కాబట్టి పట్టుకుంటుంది.

ఒడ్డుకు కట్టేటప్పుడు ముక్కుకు ఒకటి, వెనక ఒకటి, రెండు తాళ్లు వేరువేరు చెట్లకు కట్టండి. ఒక్క తాడైతే పడవ రాత్రంతా ఊగుతూ రాతికి గీకి తాడును కోసుకుంటుంది. బిర్రుగా కట్టకండి. తెల్లారేలోగా నీళ్లు మూడడుగులు పెరిగితే పొట్టి తాడు పడవ ముక్కును నీళ్లలోకి లాగుతుంది. నీలం ప్లాస్టిక్ తాడు ఎండకు పొడి పొడిగా రాలుతుంది, చేత్తో నలిపి చూస్తే తెలుస్తుంది. 12 మి.మీ. నైలాన్ తాడు తీసుకొని, రాతికి తగిలే చోట పాత నీళ్ల పైపు తొడగండి. మత్తడికీ తూముకూ దూరంగా కట్టండి. వాన నీళ్లు తోడకపోతే ఎంత మంచి తాడైనా మునిగిన పడవను కాపాడదు. పెద్ద వానలప్పుడు ఒడ్డుకు లాగి బోర్లించండి. బోర్లించాక కూడా చెట్టుకు కట్టాలి, నీళ్లు అక్కడిదాకా వస్తే అదీ లేచిపోతుంది.