మీటింగ్‌కి పిలిచారని రాజీనామా రాసెయ్యకు

అమ్మాయీ,

నీ స్టూడెంట్ సస్పెండ్ అయితే వాళ్లమ్మ నీ మీద ఫిర్యాదు చేసిందనీ, స్కూలువాళ్లు నిన్ను గురువారం మీటింగ్‌కి పిలిచారనీ రాశావు. ఆ మీటింగ్ అయ్యేదాకా రాజీనామా మాట నోట్లోంచి రానీకు, ఈమెయిల్‌లో అసలే రాయకు. "గొడవెందుకు బాబాయ్, నేనే మానేస్తే పోతుంది కదా" అన్నావు చూడు, అది చదివిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. నువ్వు మానేస్తే పోయేది గొడవ కాదు, నీ హక్కులు. హెచ్‌-1బీ వర్క్ వీసా మీద ఉన్నావు, స్కూలే గడువుకి ముందు తీసేస్తే నీ తిరుగు ప్రయాణం ఖర్చు వాళ్ల మీద పడుతుంది, నీ అంతట నువ్వు మానేస్తే అదీ ఉండదు, పైగా నిన్ను ఎందుకు వద్దనుకుంటున్నారో చెప్పాల్సిన పని కూడా వాళ్లకి తప్పిపోతుంది. ఉద్యోగం ఆగిన రోజు నుంచి అమెరికాలో ఉండటానికి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు అన్న లెక్క మాత్రం ఎలాగైనా మొదలవుతుంది.

ఇన్నేళ్లు ఒహాయో పబ్లిక్ స్కూళ్లలో పాఠాలు చెప్పాను కదా, డ్యూ ప్రాసెస్ గురించి, అంటే శిక్ష వేసేముందు కారణం చెప్పి మనిషి మాట వినాలన్న నియమం గురించి, ఈ దేశంలో అందరూ చెప్పుకునే పెద్ద తీర్పుల్లో రెండు ఈ రాష్ట్రం నుంచి వెళ్లినవే. ఒకటి పిల్లలది, ఒకటి ఉద్యోగులది. నీ విషయంలో రెండూ కావాలి, ఎందుకంటే ఆ అబ్బాయి సస్పెండ్ అయింది నువ్వు ఆఫీసుకి రాసిచ్చిన రెఫరల్ (పిల్లాడి తప్పు గురించిన కాగితం) మీద, నిన్ను మీటింగ్‌కి పిలిచింది వాళ్లమ్మ ఫిర్యాదు మీద.

1971లో కొలంబస్‌లో ఓ స్కూలు లంచ్‌రూమ్‌లో గొడవ జరిగింది, సామాన్లు పాడయ్యాయి. డ్వైట్ లోపెజ్ అనే కుర్రాడు తను పక్కన నిలబడి చూశానంతే అన్నాడు. అతనితోపాటు ఆ రోజు కనీసం 75 మందిని సస్పెండ్ చేశారని కూడా చెప్పాడు. నువ్వేం చేశావురా అని అడిగినవాళ్లు ఎవరూ లేరు. ఆ కేసు, గాస్ వర్సెస్ లోపెజ్, సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1975లో 5-4తో తేలింది. పది రోజుల్లోపు సస్పెన్షన్ అయినా సరే, ఏ తప్పు చేశావంటున్నామో పిల్లాడికి చెప్పాలి, చెయ్యలేదంటే మా దగ్గర ఉన్న ఆధారం ఇదీ అని వివరించాలి, వాడి మాట వినాలి. మామూలుగా ఇదంతా ఇంటికి పంపకముందే జరగాలి. ఉంచితే ఎవరికైనా ప్రమాదం అనుకుంటేనో, క్లాసులు నడవనివ్వడనుకుంటేనో ముందు పంపి, వీలైనంత త్వరగా వినాలి. ఇందులో లాయర్లు, సాక్షుల్ని ప్రశ్నించడాలు ఏమీ లేవు, ప్రిన్సిపల్ గదిలో ఐదు నిమిషాల్లో అయిపోవచ్చు. కానీ ఆ ఐదు నిమిషాలు ఎగ్గొట్టడానికి వీల్లేదు.

రెండోది 1985లో వచ్చిన లౌడర్‌మిల్ కేసు. క్లీవ్‌లాండ్ ఎడ్యుకేషన్ బోర్డులో సెక్యూరిటీ గార్డు ఆయన. అప్లికేషన్‌లో పాత శిక్ష గురించి రాయలేదని తీసేశారు. అది అంత పెద్ద నేరం కింద లెక్క కాదనుకున్నానని ఆయన అన్నాడు, అయితే ఆ మాట చెప్పుకునే అవకాశమే ఇవ్వలేదు. కోర్టు ఏమంది? ఉద్యోగం మీద హక్కున్న మనిషిని తీసేసేముందు ఆరోపణ చెప్పు, ఆధారం చెప్పు, అతని మాట విను అంది. పదేళ్ల ముందు పిల్లాడికి అడగమన్నవీ ఇవే. గురువారం నువ్వు నీకోసం ఏం కోరుకుంటున్నావో ఆ పదో తరగతి కుర్రాడికీ అదే రావాలి, వచ్చిందో లేదో చూడటంలో నీ వంతు కూడా ఉంది.

అందుకే ముందు నీ రెఫరల్ సంగతి. "బాత్రూమ్‌లో వేప్ చేశాడు" (ఈ-సిగరెట్ తాగాడు) అని రాశావు. నువ్వు చూసింది అదేనా? నాతో చెప్పింది వేరు. 2:10కి హాల్లో నిలబడ్డావు, వాడు బయటికి వచ్చాడు, లోపల్నుంచి తియ్యటి వాసన వచ్చింది, తర్వాత ఇద్దరు పిల్లలు వచ్చి వాడిదే అన్నారు, సెక్యూరిటీ వెళ్లి చూస్తే సింక్ దగ్గర వేప్ దొరికింది. ఇందులో నీ కళ్లు చూసింది ఒకటి, ముక్కుకి తెలిసింది ఒకటి, మిగతాది పిల్లలు చెప్పింది, సెక్యూరిటీ చెప్పింది. వీటిని విడివిడిగా రాయాలి. అన్నీ కలిపి ఒక్క వాక్యం చేస్తే పిల్లాడు దేనికి జవాబు చెప్పాలో వాడికి తెలియదు, రేపు ప్రశ్న వస్తే నువ్వూ నిలబడలేవు. అలాగని పాత రెఫరల్ దిద్దకు, తీసెయ్యకు. ఈ రోజు తేదీ వేసి, "అదనపు వివరం" అని ఇంకో కాగితం రాసి ప్రిన్సిపల్‌కి ఇవ్వు. దానివల్ల నువ్వు చిన్నబోయేదేం లేదు, నిజం ఇంకాస్త స్పష్టంగా చెప్పినట్టే.

మన ఒహాయో చట్టం ప్రకారం సస్పెన్షన్‌కి ముందు కారణాలతో నోటీసు రాతలో ఇవ్వాలి, సస్పెండ్ చేశాక ఒక్క స్కూలు రోజులో తల్లిదండ్రులకి రాతపూర్వకంగా చెప్పాలి, అప్పీలు ఉందని కూడా అందులోనే ఉండాలి. ఎక్స్‌పల్షన్, అంటే స్కూలు నుంచి తీసెయ్యడం, అయితే ఇంకా పెద్ద తతంగం, విచారణ నోటీసు ఇచ్చాక 3 నుంచి 5 స్కూలు రోజుల మధ్యలో పెట్టాలి. పిల్లాడికి ఐఈపీ, అంటే వైకల్యం ఉన్న పిల్లలకి స్కూలు రాసే ప్రత్యేక చదువు ప్రణాళిక, ఉందేమో కూడా చూడు, ఉంటే పది రోజులు దాటే శిక్షకి ఆ ప్రవర్తన వైకల్యం వల్ల వచ్చిందా అని వేరే మీటింగ్ పెట్టి తేల్చాలి. వాళ్లమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రమే అన్నావు కదా, ఆవిడకి ఇంటర్‌ప్రెటర్‌ని స్కూలు ఉచితంగా ఇవ్వాలి. కొడుకునే పక్కన కూర్చోబెట్టి అనువాదం చేయించడం పద్ధతి కాదు, ఈ సంగతి ఆఫీసుకి నువ్వే గుర్తు చెయ్యి. నీ మీద ఫిర్యాదు చేసిన మనిషి కోసం నువ్వు ఎందుకు అడగాలనిపిస్తుంది, నాకు తెలుసు. అయినా అడుగు.

ఇక గురువారం. "రేపు స్కూలయ్యాక ఒకసారి కలవండి" అనే రెండు ముక్కల ఈమెయిల్‌కి టెన్షన్ పడి పరుగెత్తకు. మర్యాదగా మూడు అడుగు: ఏ విషయం మీద, ఇది క్రమశిక్షణకి సంబంధించిందా, నాతో యూనియన్ ప్రతినిధి రావచ్చా. యూనియన్‌లో ఉన్నావు కదా, ఇవాళే ఫోన్ చెయ్యి. మనవాళ్లకి ఓ అలవాటుంది, పెద్దవాళ్ల ముందు చేతులు కట్టుకుని, ఏమన్నా "సారీ సర్, ఇంకెప్పుడూ చెయ్యను" అనేస్తాం. మనం గౌరవంగా అన్న మాట అక్కడ కాగితం మీద తప్పు ఒప్పుకున్నట్టుగా పడుతుంది. తెలిసింది చెప్పు, తెలియంది తెలియదను, ఆలోచించి రాతలో ఇస్తానని అడుగు. సంతకం పెట్టమంటే "అందింది, ఒప్పుకోవడం కాదు" అని రాసి పెట్టు, కాపీ తీసుకో. పోలీసు అనే మాట వచ్చిందంటే మాత్రం అక్కడే ఆగి లాయర్ కావాలను, ఇంకో వాక్యం వద్దు.

నీది లిమిటెడ్ కాంట్రాక్ట్, అంటే గడువున్న ఒప్పందం. ఏడాది మధ్యలో తీసెయ్యాలంటే తగిన కారణం ఉండాలి, నోటీసు అందిన పది రోజుల్లో నువ్వు రాతలో విచారణ కోరవచ్చు, ఆ పది రోజులూ దాటనివ్వకు. కాంట్రాక్ట్ అయిపోయాక రెన్యూ చెయ్యకపోవడం వేరే సంగతి, అక్కడ నీ బలం తక్కువ. 1972లో రాత్ కేసులో సుప్రీంకోర్టు, ఏడాది కాంట్రాక్ట్ మీద ఉన్న ప్రొఫెసర్‌కి ఆ తర్వాతి ఏడాది మీద హక్కు లేదనేసింది. ఒహాయోలో రెన్యూ చెయ్యట్లేదని జూన్ 1 లోపు నోటీసు ఇవ్వాలి, కారణాలు రాసిమ్మని నువ్వు అడగొచ్చు, అంతవరకు చట్టం తోడుంది. నీ సర్వీసు ఫైల్లో ఏముందో ఇప్పుడే చూసుకో, నీ క్లాసు చూసి రాసిన అబ్జర్వేషన్ రిపోర్టుల కాపీలు ఇంట్లో పెట్టుకో. కాంట్రాక్ట్‌లో గ్రీవెన్స్ (ఉద్యోగి ఫిర్యాదు చేసుకునే పద్ధతి) పేజీ చదువు, అక్కడి గడువులు చట్టంలోవాటికన్నా చిన్నవి ఉండొచ్చు.

ఈ లోపల ఆ అబ్బాయితోగానీ వాళ్లమ్మతోగానీ ఈ విషయం విడిగా మాట్లాడకు. సస్పెన్షన్ అయ్యి తిరిగొచ్చాక వాడికి నువ్వు ఇచ్చే పలకరింపు, మార్కులు, కూర్చోబెట్టే చోటు అన్నీ మునుపటిలాగే ఉండాలి. మిస్ అయిన పని చేసి ఇవ్వడానికి టైమ్ ఇవ్వు. కోపం ఉన్నా లేకపోయినా సరే, వాడు నీ విద్యార్థి.

అదనపు వివరం కాగితం ఈ రాత్రికి రాసి నాకు పంపు, చూసి చెప్తాను. పంపే ముందు పిల్లాడి పేరు, గ్రేడు, గుర్తు పట్టగలిగేవన్నీ తీసెయ్. అవి నేను చూడకూడనివి.

బాబాయి