డిసెంబరు గడి ఖాళీగానే ఉండనివ్వండి

ప్రశ్న: మాది విశాఖపట్నం. నాకు 56 ఏళ్లు. మావారు ఏడాదిన్నర క్రితం రిటైరయ్యారు. మాకు ఒక్కతే అమ్మాయి. డల్లాస్‌లో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఖాళీగా కూర్చుంటే మనసు పాడవుతుందని తనే జనవరిలో నాకో ఎక్సెల్ షీటు తయారు చేసి పంపింది. నెలకో కొత్త వ్యాపకం, అదీ మన ఊళ్లో, చుట్టుపక్కల దొరికేదే. కొండకర్ల ఆవ సరస్సులో పక్షులు, జుంబా, బీచ్‌లో తాబేటి పిల్లలు, ఈత, వీణ, సింహాచలం గిరిప్రదక్షిణ, ఏటికొప్పాక బొమ్మలు, ఇలా అన్నిటికీ వెళ్లాను. ఏదీ నెల దాటి నిలవలేదు. మావారు దేనికీ తోడు రారు. పైగా "మళ్లీ కొత్తదా?" అంటారు. ఆ ఎగతాళి వల్లే నాకు నిలకడ లేకుండా పోతోందని నా అనుమానం. ఇక డిసెంబరు గడి ఒక్కటే మిగిలింది. నా వయసుకి తగినది, నిలిచేది ఒక హాబీ చెప్పండి. ఆయన్ని ఎలా మార్చుకోవాలో కూడా చెప్పండి.
- ఒక సోదరి

జవాబు: హాబీ సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. కుట్లా, సంగీతమా, మొక్కలా అని నన్నడిగి లాభం లేదమ్మా. ఏది మొదలుపెట్టినా సంక్రాంతికల్లా మానేస్తారు. మీవారు కూడా ఇందులో పెద్ద దోషి కాదు. "మళ్లీ కొత్తదా?" అన్న ఒక్క మాటకి వీణ మూలపడేట్టయితే, ఇన్నేళ్ల కాపురంలో మీ ఇంట్లో పొయ్యి కూడా ఎప్పుడో ఆరిపోయి ఉండేది.

మీ ఉత్తరం ఎనిమిది పేజీలు. పైన కుదించి వేశాను. అసలు ఉత్తరంలో ప్రతి వ్యాపకం చివరా ఒకే రకం వాక్యం ఉంది, మీరు గమనించారో లేదో. "ఫోటో పెట్టాను, అమ్మాయి బొటనవేలు బొమ్మ పెట్టింది." "వీడియో పంపాను, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు." కొండకర్లలో తాటి దోనె ఎక్కి, ఒక చేత్తో అంచు పట్టుకుని రెండో చేత్తో సెల్ఫీ తీశారు. పక్షుల గురించి ఒక్క ముక్క లేదు. వీణ టీచరు సరళీ స్వరాలు దాటనివ్వకముందే రికార్డింగు పంపారు. దానికి సాయంత్రం దాకా జవాబు రాలేదు. మర్నాటి నుంచి వేలు నొప్పి.

తాబేళ్ల రోజు సంగతి నాకు మరీ బాధగా అనిపించింది. తెల్లవారకముందే వెళ్లారు. ఫారెస్టు వాళ్లు బుట్టలో తెచ్చిన పిల్లల్ని ఇసుకలో వదిలారు. ఒకటి అల దాకా వెళ్లి వెల్లకిలా పడితే మీరు వంగి తియ్యబోయారు. ఎవరో కుర్రాడు, "ముట్టుకోకండి ఆంటీ, అదే వెళ్తుంది" అన్నాడు. అది వెళ్లిందా? మీరు రాయలేదు. ఏడింటికి డల్లాస్ నుంచి ఫోను వస్తుందని ఆరున్నరకే ఆటో ఎక్కేశారు కాబట్టి మీకూ తెలియదు.

గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. మోకాళ్ల నొప్పితో పూర్తి చేశారు, నిజంగా మెచ్చుకోవాలి. కానీ జోడుగుళ్లపాలెం దగ్గర సముద్రంలో కాళ్లు తడుపుకుంటూ అమ్మాయికి వీడియో కాల్ చేశారు. అక్కడ పొద్దున్న ఆరున్నర. పిల్లలకి డబ్బాలు సర్దుతూ "మోకాళ్లు జాగ్రత్తమ్మా" అని పెట్టేసింది. మిగతా దారంతా కళ్లు తుడుచుకుంటూ నడిచానన్నారు. ఆ రాత్రి సింహాద్రి అప్పన్న ఎన్ని మొక్కులు విన్నాడో గానీ, మీ దగ్గర మాత్రం డల్లాస్ గొడవే విని ఉంటాడు.

అసలు విషయం ఆరో పేజీలో బ్రాకెట్లలో దాచారు. కిందటి డిసెంబరు సెలవులకి అమ్మాయి వచ్చినప్పుడు, "మీరెప్పటికైనా ఇక్కడికి వచ్చేస్తారా?" అని అడిగారట. "చూద్దాంలే అమ్మా" అందట. వెళ్లిన వారానికి ఆ షీటు వచ్చింది.

మీరడిగింది ఒకటి, ఆమె పంపింది ఇంకొకటి. అది మీకూ తెలుసు. తెలిసే పదకొండు నెలలుగా పరీక్ష రాసినట్టు ఆ గడులు నింపుతున్నారు. ఫస్టు క్లాసులో పాసైతే కూతురు తిరిగొస్తుందా? పద్దు మాత్రం మీవారి పేరున రాసుకున్నారు. ఎదురుగా ఉన్న మనిషి కదా, కోపం తీర్చుకోవడానికి అందుబాటులో ఉంటాడు.

అలాగని అమ్మాయిని తిట్టమనడం లేదు. ఉద్యోగం చేసి, వంట చేసి, ఇద్దర్ని పడుకోబెట్టి రాత్రి ఎనిమిదిన్నరకి తల్లికి ఫోను చేస్తోంది. ఆ ఓపిక చాలామంది పిల్లల్లో నేను చూడలేదు. నేరుగా "రాలేనమ్మా" అనే ధైర్యం లేక, కాస్త అపరాధ భావంతో, షీటు తయారు చేసింది. ఉద్యోగం చేసేవాళ్లకి దిగులొస్తే ఎక్సెల్ తెరుస్తారు, ఏం చేస్తాం. కానీ తల్లి తన పొద్దు ఎలా గడిపిందో కూతురికి రోజూ హాజరు వేసి చూపించడం నాకు ససేమిరా నచ్చదు. మనం పిల్లల్ని పెంచాం. వాళ్ల దగ్గర మార్కులు వేయించుకోవడానికి కాదు. రోజుకి మూడు ఫోటోలు పంపి మెప్పు కోసం కాచుక్కూర్చుంటే అది ఆ పిల్ల మీదా బరువే. ఆమె ఎంత మెచ్చుకున్నా మీకు చాలదు, ఎందుకంటే మీకు కావలసింది మెప్పు కాదు.

అందుకని, వచ్చే ఆదివారం ఫోటోల ఊసు లేకుండా మళ్లీ అడగండి. "వస్తారా, రారా? రాకపోతే నేను తట్టుకుంటాను, చెప్పు" అనండి. ఏడవకుండా అడగండి, మీవారి ముందే అడగండి. ఆయనకీ ఆ జవాబు కావాలి, ఇన్నాళ్లూ నోరు తెరవలేదంతే. రాలేమనే చెబుతుందని నా లెక్క. ఆ రాత్రి ఏడవాలనిపిస్తే ఏడవండి. ఆమెకి మాత్రం మళ్లీ ఫోను చెయ్యకండి.

పొద్దున్న ఫోను మానమనను. ఈ నెలలో అమెరికాలో చలికాలం లెక్కన గడియారాలు గంట వెనక్కి జరిగాయి. ఏడింటి ఫోను ఎనిమిదికి వస్తూ ఉండాలి. మార్చిలో మళ్లీ ముందుకి జరుగుతాయి. అప్పుడు కూడా "ఎనిమిదింటికే చెయ్యి" అని మీరే చెప్పండి. కుదరకపోతే రోజు విడిచి రోజు మాట్లాడుకోండి. తాబేళ్లు మళ్లీ వచ్చే కాలం అదే.

ఇంకొక్క సంగతి. ఎనిమిది పేజీల్లో ఒక్క పేజీ చేతిరాత వేరేగా ఉంది. ఏటికొప్పాక పేజీ. తిరిగే అంకుడు కర్రకి లక్క ముక్క ఆనిస్తే రాపిడి వేడికి కరిగి రంగు పట్టుకోవడం, మొగలి ఆకుతో రుద్దితే మెరుపు రావడం, మొదటి బొంగరం వంకర పోవడం, పెద్దాయన నవ్వి మళ్లీ కర్ర బిగించడం, అన్నీ రాశారు. ఆ రోజు ఫోటో లేదు. చేతికి లక్క అంటి ఫోను సంచిలోనే ఉండిపోయిందట. ఆ తరువాతి వారం మళ్లీ వెళ్లారు, అదీ షీటులో లేదు. దాన్ని హాబీ అంటారో ఏమంటారో నాకనవసరం. మూడోసారి వెళ్లండి.

ఈసారి మీవారికి ఒక ఫ్లాస్కులో టీ పోసి ఇవ్వండి. దేనికీ తోడు రారన్నారు కదా. రానుపోను 120 కిలోమీటర్లకు పైగా కారు నడిపి, నాలుగు గంటలు చెట్టుకింద పేపరు చదువుకుంటూ కూర్చున్నది ఆయనే, రెండుసార్లూ. మీరే రాశారు, నాలుగో పేజీలో, ఫిర్యాదుగా.