నీతి ముందే తేలిపోతే చర్చ ఎక్కడ?

ప్రశ్న: ఐదో తరగతి పిల్లలతో వారానికోసారి చర్చ పెడుతున్నాను. పేదరికం, వివక్ష మీద మంచి కథలే చదివిస్తున్నా, "అందరూ సమానమే టీచర్" అని ఒక్క ముక్కలో తేల్చేసి ఊరుకుంటున్నారు. ఎలాంటి కథలు తీసుకోవాలి?

జవాబు: మంచివాడెవరో, చెడ్డవాడెవరో కథే చెప్పేశాక పిల్లలు ఆలోచించడానికి ఇంకేం మిగులుతుందండీ? మీరు ఏ జవాబు కోసం చూస్తున్నారో ఇట్టే పసిగట్టి అదే అప్పజెబుతారు.

లియో లియోన్ని బొమ్మల కథ 'ఫ్రెడరిక్' (1967) చూడండి. ఎలుకలన్నీ చలికాలం కోసం రాత్రీపగలూ గింజలు మోస్తుంటే, ఫ్రెడరిక్ మాత్రం కదలకుండా కూర్చుని ఎండనీ రంగుల్నీ మాటల్నీ పోగేస్తున్నానంటుంది. అది పనేనా? గింజల్లో దానికి వాటా ఇవ్వాలా? సరే, జబ్బు చేసి కూర్చుండిపోయిన ఎలుకైతే అప్పుడేమంటారు? ఇలా అడిగితే పిల్లలు నిజంగానే రెండుగా చీలతారు, పేదరికం గురించి మీరు మాట్లాడాలనుకున్నదంతా అందులోనే వస్తుంది. నేనైతే గింజలు అడుగంటే చోట చదవడం ఆపేస్తాను, ఎందుకంటే చివర్లో రచయిత ఎటు మొగ్గారో తెలిసిపోతుంది. మిగతా పేజీలు చర్చ అయ్యాక చదవచ్చు.

కథ చదివి పిల్లలతో ఇలా చర్చించే పద్ధతికి బాట వేసిన అమెరికన్ తత్వవేత్త మాథ్యూ లిప్‌మన్ దీనికోసమే నవలలు రాశారు. వాటిలో పిల్లలు ఒకరి మాటను ఒకరు ప్రశ్నించుకుంటూ ఆలోచిస్తారు. అలాంటివే కావాలని పట్టుబట్టక్కర్లేదు గానీ ఒకటి మాత్రం ఆయన దగ్గర తీసుకోండి: కథ చదివాక మొదటి ప్రశ్నలు పిల్లల్నే వేయనివ్వండి, వాటిలోంచే ఒకటి ఎంచుకుని మాట్లాడండి.

వివక్ష విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. ఆ అవమానం రోజూ పడుతున్న బిడ్డ మీ తరగతిలోనే ఉండొచ్చు. "వాళ్ళను దూరం పెట్టడం తప్పా?" అనేది చర్చకు పెట్టే ప్రశ్నే కాదు, అది తప్పే. పక్కనే ఉండి చూస్తూ ఊరుకున్నవాడికి బాధ్యత ఎంత, ఎప్పుడో జరిగిన అన్యాయాన్ని ఇప్పుడు ఎవరు సరిదిద్దాలి, ఇవి అడగండి. ఆ బిడ్డను బోనులో నిలబెట్టే కథ ఎంత పేరున్నదైనా పక్కన పెట్టేయండి.

తరగతికి వెళ్ళేముందు కథలోని ప్రశ్నకు మీరే రెండు వేర్వేరు జవాబులు, రెండూ మనస్ఫూర్తిగా సమర్థించగలిగేవి, రాసి చూసుకోండి. రెండోది ఎంతకీ తట్టకపోతే ఇంకో కథ వెతకండి. నిడివి కూడా చూసుకోవాలి, పది నిమిషాల్లో పైకి చదివేయగలిగితే మిగతా పీరియడంతా మాట్లాడుకోవడానికి ఉంటుంది.