ట్రినిడాడ్‌లో పనిలేని స్వర్గం

ప్రశ్న: యుటోపియన్ సోషలిస్టులు, అంటే అందరూ సమానంగా, సుఖంగా బతికే ఆదర్శ సమాజం కట్టాలని కలగన్నవాళ్లు అనగానే ఫ్రాన్స్, అమెరికా సంగతులే చెబుతారు. బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉన్న దీవుల్లో ఎక్కడా ఎవరూ ప్రయత్నించలేదా? వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ దీవి పేరు ఎక్కడో చదివాను.

జవాబు: ప్రయత్నించారు. కాకపోతే కాలనీ పెట్టింది ట్రినిడాడ్‌లో కాదు, దానికెదురుగా ఉన్న వెనెజువెలా తీరంలో. ఇంగ్లండ్ నుంచి బయల్దేరినవాళ్లకి ట్రినిడాడ్ ముందు మజిలీ, తర్వాత తలదాచుకునే చోటు.

అంతటికీ మూలం ఎట్జ్‌లర్ అనే జర్మన్. గాలి, అలలు, ఎండ, వీటిని యంత్రాలకి వాడుకుంటే పదేళ్లలో మనిషి ఒళ్లు వంచకుండా బతకొచ్చని 1833లో అమెరికాలో ఏకంగా పుస్తకమే వేశాడు. ఇంగ్లండ్‌లో పస్తులతో, ఓటు హక్కు పోరాటాలతో విసిగిపోయిన కార్మికులు నమ్మారు. నమ్మరా మరి! 1844లో లండన్‌లో ట్రాపికల్ ఎమిగ్రేషన్ సొసైటీ, అంటే ఉష్ణ ప్రాంతాలకి వలస వెళ్లాలనుకున్నవాళ్ల సంఘం పుట్టింది, వారం వారం చందాలు పోగేశారు. ఎట్జ్‌లర్ యంత్రం పేరు శాటిలైట్. ఇంజన్ ఒకచోటే ఉంటుంది, దానికి తాళ్లతో కట్టిన ఈ బండి పొలమంతా తిరిగి దున్నాలి, చెట్లు కూల్చాలి. 1845లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో నడిపి చూస్తే విరిగి కూర్చుంది. అయినా దాదాపు రెండొందల మంది రోజలిండ్ అనే ఓడెక్కేశారు.

గినిమిటా అనే ఆ తీరంలో అడవి నరకడానికి యంత్రం లేదు, గొడ్డళ్లున్నాయి. జ్వరాలొచ్చాయి, చాలామంది పోయారు, మిగిలినవాళ్లు ట్రినిడాడ్ చేరారు. ఎట్జ్‌లర్ మెల్లగా జారుకున్నాడు. యంత్రం వచ్చేదాకా పలుగూ పారా పట్టేదెవరు అన్న ప్రశ్న వాళ్లెవరూ గట్టిగా అడగలేదు, నా లెక్కలో అసలు జబ్బు అదే.

ట్రినిడాడ్ చెరకు తోటల యజమానులు మాత్రం ఆ ప్రశ్నే అడిగారు. 1838లో బానిసలకి పూర్తి విముక్తి వచ్చాక తక్కువ కూలికి మనుషులు దొరకలేదు, దాంతో 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడలో మన దేశం నుంచి తొలి ఒప్పంద కూలీలు దిగారు. అంటే పని లేని లోకం వెతుక్కుంటూ ఎట్జ్‌లర్ మనుషులు ప్రయాణానికి సిద్ధమవుతున్న రోజుల్లోనే, పని చెయ్యడానికి వీళ్లని దించారు.

ఎట్జ్‌లర్ జతగాడు కాన్రాడ్ స్టోల్‌మేయర్ మాత్రం దీవిలోనే ఉండిపోయి, పిచ్ లేక్ అనే సహజమైన తారు చెరువు నుంచి తీసే తారు వ్యాపారంలో దిగి బాగా గడించాడు. కొడుక్కి ఫ్రెంచ్ యుటోపియన్ సోషలిస్టు పేరే పెట్టాడు, చార్లెస్ ఫూరియర్ స్టోల్‌మేయర్ అని. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో 1904లో పూర్తయిన స్టోల్‌మేయర్ కోట ఆ కొడుకు కట్టించిందే.