60 దాటితే జిప్సీ స్టీరింగ్ ఊగుతోంది: రిపేరు ముందా, లిఫ్ట్ కిట్ ముందా?

మీరు అడిగింది ఒకసారి చెప్పుకుని మొదలుపెడతాను. 2011 మోడల్ మారుతి జిప్సీ కింగ్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. స్పీడు 60 దగ్గరకి రాగానే స్టీరింగ్ గడగడా ఊగిపోతోంది. వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించినా తగ్గలేదు. ముందు చక్రాల లోపలి వైపు ఆయిల్ జిడ్డు కనిపిస్తోంది. 4హెచ్ (నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే గేరు) వేసినా బురదలో ముందు చక్రాలు తిరగలేదు. ఇవి ఇలా ఉండగానే లిఫ్ట్ (బండి ఎత్తు పెంచే కిట్), 31 అంగుళాల టైర్లు, లైట్ బార్ వేయించాలనుకుంటున్నారు.

మాది నర్సీపట్నం. చింతపల్లి, లంబసింగి వైపు తోటల పని మీద తిరగడానికి చాలా ఏళ్ళుగా జిప్సీయే నడుపుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: లిఫ్ట్ కిట్ డబ్బు పక్కన పెట్టండి. మీరు మూడు సమస్యలు రాశారు గానీ, మొదటి రెండూ ఒకే రోగం.

జిప్సీ ముందు యాక్సిల్ సాలిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు. దాని రెండు చివర్లలో గుండ్రని బాల్ హౌసింగ్, దాని మీద తిరిగే నకుల్ ఉంటాయి. ఆ నకుల్‌ని పైనొకటి, కిందొకటి చిన్న కింగ్ పిన్ బేరింగులు పట్టుకుంటాయి. రెండు వైపులా కలిపి నాలుగు. బాల్ హౌసింగ్ లోపల ఉండాల్సింది గ్రీజు. యాక్సిల్ మధ్యలో శక్తిని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్‌లో ఉండేది గేర్ ఆయిల్. ఈ రెంటికీ మధ్య అడ్డు ఒక చిన్న ఆయిల్ సీల్ మాత్రమే. అది పోతే గేర్ ఆయిల్ నకుల్‌లోకి దిగి గ్రీజుని పల్చన చేసేస్తుంది. ఆ పల్చటి జిడ్డు బయటి సీల్ దాటి టైరు లోపలి వైపు కారుతుంది. మీకు కనిపిస్తున్నది అదే. గ్రీజు పోయాక కింగ్ పిన్ బేరింగులు పొడిబారి అరిగి గుంతలు పడతాయి. వాటిలో బిగువు పోయాక రోడ్డు మీద చిన్న గతుకు తగిలినా చక్రాలు రెండూ కుడీ ఎడమా కొట్టుకోవడం మొదలవుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా అది ఆగదు.

నా బండికీ ఇదే వచ్చినప్పుడు ఒక వర్క్‌షాప్‌లో స్టీరింగ్ డ్యాంపర్ మారిస్తే చాలన్నారు. కొత్త డ్యాంపర్ వేయగానే ఊగడం తగ్గిన మాట నిజమే. కానీ వానాకాలం పోయేలోపే మళ్ళీ మొదలైంది. డ్యాంపర్ ఊపుని మింగుతుందే తప్ప కారణాన్ని తీసేయదు. మీకు కూడా ఎవరైనా డ్యాంపర్ పేరు చెబితే, అది చివర్లో చూద్దామనండి.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. వెనక చక్రాలకు రాళ్ళు పెట్టి, ముందు ఒక చక్రాన్ని జాకీతో లేపి, యాక్సిల్ కింద స్టాండ్ పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద చేయి పెట్టొద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. ఆట (లూజు) కనిపిస్తే లోపల ఇంకొకర్ని కూర్చోబెట్టి బ్రేక్ నొక్కించి మళ్ళీ ఊపండి. బ్రేక్ నొక్కగానే ఆట పోయిందంటే తప్పు వీల్ బేరింగ్‌ది. బ్రేక్ నొక్కినా ఆట అలాగే ఉందంటే అది కింగ్ పిన్ బేరింగ్. తర్వాత చక్రాన్ని కుడీ ఎడమా పట్టుకుని ఊపి చూడండి. అక్కడ లూజు ఉంటే స్టీరింగ్‌ని చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్‌లు, డ్రాగ్ లింక్, స్టీరింగ్ బాక్స్ వరసగా చూడాలి. కమాన్ కట్టల్ని ఛాసిస్‌కి తగిలించే షాకిల్‌ల బుష్‌లు అరిగినా బండి పక్కలకు లాగుతుంది కాబట్టి వాటినీ వదలొద్దు.

మీ లక్షణాలు చూస్తే నకుల్ రెండు వైపులా విప్పాల్సిందే అనిపిస్తోంది. విప్పినప్పుడు నాలుగు కింగ్ పిన్ బేరింగులూ కప్పులతో సహా మార్చండి. ఒక్కదాన్ని మార్చి మిగతావి పాతవే ఉంచితే రెండోసారి కూలీ దండగ. లోపలి ఆయిల్ సీల్, బయటి వైపర్ సీల్ కొత్తవి వేయించండి. పాత గ్రీజు పూర్తిగా కడిగించి కొత్తది నింపించాలి. అసలైన పని దీని తర్వాతే ఉంది. కింగ్ పిన్ బిగువుని షిమ్‌లతో (పల్చటి రేకు బిళ్ళలతో) సరిచేస్తారు. షిమ్ తీస్తే బిగుస్తుంది, కలిపితే వదులవుతుంది. టై రాడ్ విడదీసి, స్ప్రింగ్ త్రాసు తగిలించి నకుల్‌ని లాగితే ఎంత బరువు దగ్గర కదిలిందో చూసి, సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన లెక్కకు తేవాలి. చాలామంది మేస్త్రీలు పాత షిమ్‌లనే తిరిగి పెట్టి బిగించేస్తారు. మీ మేస్త్రీని ఈ ఒక్క విషయం ముందే అడగండి. త్రాసు వాడతానన్న మనిషి దగ్గర ధైర్యంగా బండి వదలొచ్చు.

సీల్ ఎందుకు పోయిందో కూడా చూడాలి. యాక్సిల్ మీద బ్రీదర్ అని చిన్న గొట్టం లాంటిది ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే వేడెక్కిన యాక్సిల్ లోపలి గాలికి బయటికి పోయే దారి ఉండదు. ఆ ఒత్తిడికి ఆయిల్ సీల్‌ని తోసుకుని బయటికి వస్తుంది. దీని రెండో ముఖం గెడ్డ (కొండవాగు) దాటేటప్పుడు బయటపడుతుంది. ఘాట్ ఎక్కి వేడి మీదున్న యాక్సిల్ చల్లటి నీళ్ళలో మునిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుంటుంది. బ్రీదర్ మూసుకుపోయి ఉంటే సీల్ అంచుల నుంచి, బాగానే ఉన్నా నీళ్ళలో మునిగితే బ్రీదర్ నుంచే, నీళ్ళు లోపలికి వెళ్తాయి. డ్రెయిన్ ప్లగ్ విప్పితే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపించిందంటే నీళ్ళు చేరినట్టే. మా వైపు గెడ్డలు దాటే బండ్లన్నిటికీ వచ్చే తంటా ఇది. రెండు యాక్సిళ్ళ బ్రీదర్లకూ రబ్బరు గొట్టం తగిలించి, ముందుదాన్ని ఇంజిన్ గది పై భాగానికి, వెనకదాన్ని బాడీలో ఎత్తైన చోటికి తీసుకెళ్ళండి. ఖర్చు చాలా తక్కువ. జిప్సీకి నేను చేయించిన వాటిలో ఇంతకంటే గిట్టుబాటైన అప్‌గ్రేడ్ ఇంకొకటి లేదు.

వెనక యాక్సిల్ సీల్ కూడా పోతే గేర్ ఆయిల్ బ్రేక్ డ్రమ్ములోకి దిగి షూలని తడిపేస్తుంది. ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ పట్టదు. అందుకని నకుల్ పని చేయించే రోజునే వెనక డ్రమ్ములు కూడా విప్పించి చూడండి.

ఇక 4హెచ్ సంగతి. ముందు చక్రాల మధ్యలో హబ్ మీద ఫ్రీ, లాక్ అని తిప్పే డయల్ ఉందా? ఉంటే అవి ఫ్రీ వీల్ హబ్‌లు. వాటిని చేత్తో లాక్‌కి తిప్పకుండా లోపల లివర్ ఎంత లాగినా ముందు చక్రాలకు శక్తి అందదు. రెండూ లాక్‌లో ఉన్నా తిరగలేదంటే ఒకటి లోపల పట్టుకోవట్లేదని అనుమానించాలి. మామూలు డిఫరెన్షియల్ కాబట్టి ఒక హబ్ వదిలేసినా రెండో చక్రం కూడా లాగదు. ముందు చక్రాలు రెండూ లేపి, స్టాండ్ల మీద నిలిపి, హబ్‌లు లాక్ చేసి, ఇంజిన్ ఆపి, గేర్ న్యూట్రల్‌లో, ట్రాన్స్‌ఫర్ లివర్ 4హెచ్‌లో పెట్టండి. ఒక చక్రాన్ని చేత్తో తిప్పితే రెండోది ఎదురు దిశలో తిరగాలి. తిరగకపోతే హబ్ విప్పి చూడాలి. ఎక్కువసార్లు పాత గ్రీజు గట్టిపడి ఉండటమే కారణం. పెట్రోలుతో కడిగి పల్చగా గ్రీజు రాస్తే సరిపోతుంది. దట్టంగా నింపితే మళ్ళీ బిగుసుకుంటుంది.

జిప్సీకి ముందు, వెనక యాక్సిళ్ళ వేగాల తేడాని సర్దే సెంటర్ డిఫరెన్షియల్ లేదు. పొడి తారు రోడ్డు మీద 4హెచ్ పెట్టి మలుపులు తిరిగితే ముందు, వెనక షాఫ్ట్‌లు ఒకదాన్నొకటి మెలితిప్పుకుని లివర్ వెనక్కి రాదు. అలా అయితే బలంగా లాగొద్దు. కొంచెం దూరం తిన్నగా రివర్స్ వెళ్తే వదులవుతుంది. కొత్తగా కొన్నవాళ్ళు దీన్ని గేర్‌బాక్స్ పోయిందనుకుని టెన్షన్ పడతారు.

ఈ పనుల్లో ఉండగానే ఆయిల్స్ అన్నీ మార్పించండి. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిళ్ళకు శక్తి పంచే పెట్టె), రెండు డిఫరెన్షియళ్ళు, నాలుగూ వేర్వేరు. డ్రెయిన్ ప్లగ్ కంటే ముందు ఫిల్లర్ ప్లగ్ విప్పించండి. అది తుప్పుపట్టి రాకపోతే ఆయిల్ అంతా కారిపోయాక తిరిగి నింపే దారి ఉండదు. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో పాత ఓనర్ బిల్లు చూపించలేకపోతే మార్చేయండి. ఇంకొకటి, ఇంజిన్‌లో థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కి వెళ్ళనీయని వాల్వ్) ఉందో లేదో అడగండి. వేడెక్కుతోందని దాన్ని తీసి పారేయడం మన దగ్గర మామూలైపోయింది. ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ అదుపులో పెట్రోలు చిమ్మే) ఇంజిన్ వేడెక్కకపోతే దాని కంప్యూటర్ ఈసీయూ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది.

టైర్ల గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. కంపెనీ సైజు 205/70 ఆర్15, ఎత్తు సుమారు 67 సెంటీమీటర్లు. 31 అంగుళాల టైరు దాదాపు 79. మీటరు 60 చూపిస్తుంటే బండి అసలు 70 మీద ఉంటుంది. 1.3 లీటర్ ఇంజిన్, 80 హెచ్‌పీ. అంత టైరు వేస్తే ఘాట్‌లో సెకండ్ గేర్ దాటదు, బ్రేకులకూ, ఇప్పుడే బాగుచేయించిన బేరింగులకూ భారం పెరుగుతుంది. 215/75 ఆర్15 ఆల్ టెర్రైన్ (రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే) టైర్లు వేసుకోండి. లిఫ్ట్ లేకుండా పడుతుంది, కింద దాదాపు 2 సెంటీమీటర్ల ఖాళీ కూడా పెరుగుతుంది. నేను వాడుతున్నది అదే. మీకు నల్లరేగడి నేలల్లో వానల్లో తిరిగే పని ఉంటే మాత్రం ఆల్ టెర్రైన్ టైరు గాడులు మట్టితో పూడుకుపోయి నున్నగా అయిపోతాయి. అక్కడ మడ్ టెర్రైనే మేలు, రోడ్డు మీద మోత భరించాలి. ఇసుకలో దిగితే గాలి 18 పీఎస్ఐ వరకు తగ్గించండి, రోడ్డెక్కగానే నింపండి. గాలి తగ్గించడం చేసే మేలు చాలా లిఫ్ట్ కిట్‌లు చేయలేవు.

కమాన్ కట్టల్ని యాక్సిల్ కింది నుంచి పైకి మార్చి చేసే లిఫ్ట్ అయితే అసలు వద్దు. బండి ఎత్తు బాగా పెరిగి డ్రాగ్ లింక్ ఏటవాలుగా నిలబడుతుంది, గతుకు పడ్డప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంది. పొడవాటి షాకిల్‌లు వేసినా కాస్టర్ కోణం (స్టీరింగ్‌ని తిన్నగా నిలిపే వాలు) మారిపోతుంది. ఇప్పుడు డబ్బు పెట్టి తీసేసిన ఊగుడు మళ్ళీ తిరిగొస్తుంది.

లైట్ల విషయంలో బార్ కంటే ముందు హెడ్‌లైట్లకు రిలే వైరింగ్ చేయించండి. పాత వైర్లలో, స్విచ్‌లో వోల్టేజీ పడిపోయి బల్బుకి సరిగ్గా అందదు. బ్యాటరీ నుంచి ఫ్యూజ్, రిలే ద్వారా నేరుగా ఇస్తే అవే 60/55 వాట్ల బల్బులు కొత్తవాటిలా వెలుగుతాయి. లంబసింగి మంచులో తెల్లటి లైట్ బార్ వేస్తే వెలుగంతా తిరిగి కళ్ళలోకే కొడుతుంది, అక్కడ కిందికి ఉండే పసుపు ఫాగ్ ల్యాంపులే పనికొస్తాయి.

చట్టం సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ముందు బంపర్‌కి బిగించే ఇనుప బుల్ బార్లను కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే వద్దంది. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇవన్నీ అడ్డం వస్తాయి. మీది 2011 బండి కాబట్టి ఆర్‌సీకి 15 ఏళ్ళు 2026లో నిండుతాయి. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్ళు దాటిన కారు ఆర్‌సీ రెన్యువల్ ఫీజు 5,000 రూపాయలైంది. ఆ తనిఖీకి బండి మామూలు రూపంలో వెళ్తేనే పని సాఫీగా అవుతుంది. ఆర్‌సీలో తేదీ ఇప్పుడే చూసుకోండి.

ముందు బ్రేక్ నొక్కి చేసే పరీక్ష, తర్వాత హబ్ పరీక్ష చేయండి. ఏ వైపు ఆట ఉందో, డిఫరెన్షియల్ ఆయిల్ ఏ రంగులో వచ్చిందో రాస్తే ఏ పార్టులు కొనాలో వరసగా చెబుతాను.