డాబా మీద ఎడెల్‌వైస్

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి స్విట్జర్లాండ్‌లో షినిగె ప్లాటె కొండ మీది ఆల్ప్స్ మొక్కల తోట చూసి, ఎడెల్‌వైస్ అనే తెల్లపూల కొండమొక్క విత్తనాలు కొని తెచ్చాడు. డాబా మీద కూలర్ పెట్టి పెంచవచ్చా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: డిసెంబరులో మట్టి కప్పకుండా పైపైన చల్లితే మొలకెత్తవచ్చమ్మా. మురిసిపోకండి, మన వేసవి దాటడం కల్ల. 1929లో తెరిచిన ఆ తోట దాదాపు 2,000 మీటర్ల ఎత్తున ఉంది. వేసవిలోనూ అక్కడ రాత్రిళ్లు చలే. మన దగ్గర మే నెల అర్ధరాత్రి కూడా డాబా గచ్చు వేడి వదలదు. పగలు ఆకు కూడబెట్టిన పిండిపదార్థమంతా ఆ వేడిలో శ్వాసకే ఖర్చైపోతుంది. ఇక కూలర్ సంగతి. ఎడెల్‌వైస్ ఒంటి మీది తెల్లని నూగు కొండగాలికీ, తీక్షణమైన ఎండకూ కవచం. కూలర్ విసిరేది తడిగాలి. నూగులో తేమ నిలిచిందా, కుళ్లు ఖాయం.

లండన్‌లోని క్యూ (Kew) అనే వృక్షోద్యానం వారు 2006లో ఇలాంటి మొక్కలకోసమే ఎత్తైన గాజు ఇల్లు తెరిచారు. వేడిగాలి పైనుంచి పోతుంది, నేలకింది కాంక్రీటు దారుల్లో చల్లబడిన గాలి మొక్కలకు తగులుతుంది. లండన్‌లోనే ఇంత అవస్థ, గుంటూరులో మీరెంత కరెంటు బిల్లు కడతారు?

ఊటీలో చుట్టాలుంటే విత్తనాలు వాళ్లకిచ్చేయండి. కొండమొక్క మీద అంత మోజుంటే నల్లేరు పెట్టండి. ఎర్రమట్టిలో సగం కంకర కలిపి కణుపు గుచ్చితే చాలు, మే ఎండను లెక్కచేయదు. పచ్చడికి లేత కణుపులే కోయండి, చేతులకు ముందు నూనె రాసుకోండి. లేదంటే దురద.