ఎంపీడీకి లోకల్ సాకెట్ పెట్టాక ఎంపీసీ "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అంటే

మీరు చెప్పినదాన్ని బట్టి ఎంపీడీ (పాటలు ప్లే చేసే సర్వర్) కాన్ఫిగ్‌లో పోర్టు లైన్ తీసేసి, బైండ్_టు_అడ్రెస్ (సర్వర్ ఏ అడ్రస్ దగ్గర వినాలో చెప్పే లైన్) దగ్గర హోమ్ ఫోల్డర్‌లోని సాకెట్ (ప్రోగ్రాములు మాట్లాడుకునే ప్రత్యేక ఫైల్) దారి ఇచ్చారు, సర్వర్ బాగానే లేచింది, కానీ ఎంపీసీ (టెర్మినల్ నుంచి ఎంపీడీని నడిపే క్లయింట్) రెఫ్యూజ్డ్ అంటోంది, ఫోన్ యాప్ కూడా పోయింది. సర్వర్‌లో తప్పేం లేదన్నా. క్లయింట్‌కి కొత్త అడ్రస్ ఎవరూ చెప్పలేదు, అంతే.

ఎంపీసీ మొదట ఎంపీడీ_హోస్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూస్తుంది, అది లేకపోతే /రన్/ఎంపీడీ/సాకెట్ లాంటి మామూలు చోట్లు వెతికి, చివరికి లోకల్‌హోస్ట్ (అంటే అదే మెషీన్) 6600 పోర్టుకి పోతుంది. మీరు ఆ పోర్టు మూసేశారు కాబట్టి రెఫ్యూజ్డ్ వస్తుంది. బాష్ఆర్‌సీలో (షెల్ తెరిచినప్పుడల్లా చదివే ఫైల్) ఎంపీడీ_హోస్ట్‌కి సాకెట్ పూర్తి దారి ఇవ్వండి, స్లాష్‌తో మొదలవ్వాలి. హోమ్ ఫోల్డర్‌కి బదులు టిల్డా (~) పెట్టి కోట్స్‌లో రాస్తే షెల్ దాన్ని విప్పదు, అక్కడే చాలామంది సగం రోజు పోగొట్టుకుంటారు.

ఒకవేళ సాకెట్ ఫైలే పుట్టకపోతే ఎంపీడీ.సాకెట్ అనే సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను లేపే ప్రోగ్రామ్) యూనిట్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది నడుస్తుంటే సాకెట్లు సిస్టమ్‌డీయే తెరిచి ఎంపీడీకి ఇస్తుంది, కాన్ఫిగ్‌లోని బైండ్ లైన్లను పట్టించుకోదు. ఆ యూనిట్ ఆపండి, లేదంటే అందులో ఉన్న దారినే వాడుకోండి. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా చేసే హోమ్ ఫోల్డర్ పర్మిషన్ 750 (బయటి యూజర్లకు ప్రవేశం లేదు) కాబట్టి, ఎంపీడీ వేరే యూజర్ కింద నడుస్తుంటే మీ హోమ్‌లోకి అడుగే పెట్టలేదు.

హన్మకొండలో మా కాలనీ బతుకమ్మ పాటలకు పాత డెస్క్‌టాప్ మీద ఎంపీడీయే పెట్టాం. సాకెట్ కోసం /రన్ కింద చేత్తో చేసిన ఫోల్డర్ కరెంటు పోయి వచ్చేసరికి మాయమైంది, ఎందుకంటే /రన్ అనేది మెమరీలో ఉండే ఫైల్‌సిస్టమ్, రీబూట్ అయితే ఖాళీ. సర్వీస్ ఫైల్‌లో రన్‌టైమ్‌డైరెక్టరీ లైన్ ఒకటి రాస్తే సర్వీస్ లేచిన ప్రతిసారీ ఆ ఫోల్డర్‌ను సిస్టమ్‌డీయే చేసి పెడుతుంది.

ఇంత తిప్పలు ఎందుకు, పోర్టు చాలదా అంటారేమో. సాకెట్ ద్వారా వచ్చిన క్లయింట్ ఏ యూజర్‌దో సర్వర్‌కి కెర్నల్ (లినక్స్ గుండెకాయ) చెబుతుంది, అందుకే మ్యూజిక్ ఫోల్డర్ బయట ఉన్న ఫైల్‌ని కూడా, అంటే ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన పాటని, పూర్తి దారి ఇచ్చి నేరుగా క్యూలో వేయొచ్చు (ఎంపీడీకి ఆ ఫైల్ చదివే పర్మిషన్ ఉండాలి, అది వేరే సంగతి). అదే పని పోర్టు మీదుగా చేస్తే యాక్సెస్ డినైడ్. నాకైతే ఈ ఒక్క లాభానికే సాకెట్ పెట్టుకోవచ్చు అనిపిస్తుంది.

ఫోన్ యాప్‌కి మాత్రం సాకెట్ పనికిరాదు, అది ఒకే మెషీన్‌లో ఉన్న ప్రోగ్రాముల మధ్య దారి. బైండ్_టు_అడ్రెస్ లైన్ రెండోసారి కూడా రాయొచ్చు కాబట్టి అక్కడ మెషీన్ వైఫై ఐపీ ఇవ్వండి, ఎంపీడీ రీస్టార్ట్ చేయండి. పాస్‌వర్డ్ కూడా పెట్టండి, లేకపోతే ఆడవాళ్లు ఉయ్యాలో అని పాట అందుకునేలోపు వైఫైలో ఉన్న పిల్లగాడెవడో డీజే పాట పెట్టేస్తాడు.